పేరు చెక్కించిన కానుక: దేని మీద, ఏ పద్ధతిలో, ఎవరి పేరు?

కానుక మీద పేరు చెక్కించాలనుకునేవాళ్ళు చాలామంది ముందు వస్తువును ఎంచుకుంటారు. ఫోన్‌లో ఓ పాతిక ఫొటోలు చూసి, నచ్చిన బాటిలో పెన్నో ఖాయం చేసేసి, ఆ తర్వాత దీని మీద ఏం రాయిద్దాం, ఎలా రాయిద్దాం అని మొదలుపెడతారు. నన్ను అడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ వస్తువు వాళ్ళింట్లో ఎక్కడ ఉండబోతోంది? రోజూ సింకులో పడి పీచు దెబ్బలు తినేదా, పండగలకి చింతపండు పెట్టి తోమే పూజ సామానా, ఆఫీసు బల్ల మీద ఉండేదా, షోకేసులో అద్దం వెనక ఉండిపోయేదా? ఇది తేలితే ఏ లోహం, ఏ పద్ధతి, ఎంత లోతు అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. ఇది వదిలేసి అందాన్ని బట్టి కొంటే ఏడాది తిరక్కుండానే పేరు మాయమైపోయి ఉత్త వస్తువు మిగులుతుంది.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే చెప్పేయాలి. "కస్టమైజ్డ్" అని బోర్డు పెట్టినవన్నీ చెక్కినవి కావు. యూవీ ప్రింటింగ్, స్క్రీన్ ప్రింటింగ్, స్టిక్కర్ కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. ప్రింటు తప్పేం కాదు, రంగుల లోగోనో ఫొటోనో కావాలంటే అదే దారి, కాకపోతే తోముడు పడే వస్తువు మీద అది నిలవదు. ఏది ఏదో తెలియాలంటే గోరు పెట్టి అక్షరం అడ్డంగా గీరి చూడండి, చెక్కినదైతే పల్లం తగులుతుంది. స్టీలు మీద లేజర్‌తో నల్లగా మార్క్ చేసేది ఒక్కటి గోటికి తగలదు, అయినా అది పైన పూసిన రంగు కాదు, వేడికి లోహం పైపొరే నల్లబడింది. కాబట్టి షాపువాణ్ణి నేరుగా అడగండి: ఇది ప్రింటా, లేజరా, లేజరైతే మార్కింగా, లోతుగా చెక్కడమా?

స్టీలు, ఇత్తడి, రాగి, వెండి

స్టీలు గిన్నె మీద పేరు కొట్టించడం మనకి కొత్తేం కాదు. బేగంబజార్‌లో గానీ, విజయవాడ వన్‌టౌన్‌లో గానీ, ఏ ఊళ్ళో సామాన్ల కొట్టుకి వెళ్ళినా, గిన్నె కొన్నాక కౌంటర్ దగ్గర చిన్న కరెంటు మిషన్ పట్టుకుని గిర్రుమని పేరు రాసి ఇచ్చే మనిషి ఉంటాడు. చాలా కొట్లలో దీనికి డబ్బులు కూడా తీసుకోరు, తీసుకున్నా నామమాత్రమే. లేజర్ వచ్చాక దీన్ని పాతకాలం పద్ధతని చిన్నచూపు చూస్తున్నారు గానీ, రోజువారీ సామాను మీద ఇది ఇప్పటికీ మంచి పద్ధతే. సూది లోహంలోకి దిగుతుంది కాబట్టి ఎన్నేళ్ళు తోమినా పేరు ఉంటుంది. మన అమ్మమ్మల కాలం బిందెల మీద ఇంటిపేరు, తారీఖు ఇప్పటికీ చదవగలుగుతున్నామంటే కారణం ఆ లోతే. అందం మాత్రం రాసే చేతిని బట్టి ఉంటుంది. వందో గిన్నెకి వచ్చేసరికి చెయ్యి అలిసి అక్షరాలు వంకరపోతాయి, లోగో గీయడం కుదరదు. ఇంట్లో వేడుకకి ఓ ఇరవై గిన్నెలైతే ఇదే చాలు, రెండొందల టిఫిన్ బాక్సుల మీద ఒకేలా రావాలంటే లేజర్‌కి వెళ్ళండి.

లేజర్‌లో మామూలుగా మీకు ఎదురయ్యేవి రెండు రకాలు. సీవోటూ లేజర్ చెక్క, అక్రిలిక్, తోలు, గాజు లాంటివాటికి. ఫైబర్ లేజర్ లోహాలకి. సీవోటూ కిరణాన్ని ఒట్టి లోహం చాలావరకు తిప్పికొట్టేస్తుంది. అందుకే చెక్క మీద బ్రహ్మాండంగా చేసే షాపులో ఇత్తడి పని అడిగితే "పంపించి చేయిస్తాం" అంటారు. ఆ మాట వింటే ఇంకో రెండు రోజులు కలుపుకోండి.

పొడి రంగు పూసిన స్టీలు వాటర్ బాటిళ్ళు, అంటే పౌడర్ కోటింగ్ ఉన్నవి, లేజర్‌కి బాగా కుదురుతాయి. పైన ఉన్న రంగు పొర పోయి లోపలి స్టీలు వెండిలా మెరుస్తూ బయటపడుతుంది, ముదురు నీలం మీదో నలుపు మీదో అయితే పేరు దూరం నుంచే కనిపిస్తుంది. ఆఫీసు కానుకల్లో తక్కువ రిస్కుతో అయిపోయేది ఇదే. తళతళలాడే ఒట్టి స్టీలు మీద మాత్రం సన్నటి అక్షరాలు వెలుతురు పడితే గానీ కనపడవు, అక్కడ నల్ల మార్కింగ్ అడగండి. స్టీలు మీద మరీ లోతుగా కాలిస్తే తుప్పు రాకుండా కాపాడే పైపొర దెబ్బతిని అక్షరాల్లోనే తుప్పు చుక్కలు రావచ్చు, నాసిరకం స్టీలులో ఈ బెడద ఎక్కువ. తుప్పుని బాగా తట్టుకునే 304 గ్రేడు స్టీలు తీసుకుంటే కాస్త నిశ్చింత.

ఇత్తడి దగ్గర చాలామంది మోసపోతారు. షాపులో చూసినప్పుడు పసుపు రంగు మీద నల్లటి అక్షరం ఎంతో బాగుంటుంది. ఆ దీపపు కుందినో హారతి పళ్ళేన్నో ఇంటికి తీసుకెళ్ళి చింతపండు, ఉప్పు పెట్టి రుద్దితే ఇత్తడి మీద చిలుంతో పాటు ఆ నలుపూ పోతుంది, ఎందుకంటే అదీ అలాంటి పొరే. కాబట్టి పూజ సామాను మీద నల్లగా ఉందా అని చూడకండి, లోతుగా ఉందా అని చూడండి. నలుపు పోయినా పల్లం మిగిలితే పేరు చదవొచ్చు. లోతుగా చేయడానికి మిషన్ ఒకేచోట చాలాసార్లు తిరగాలి, టైము పడుతుంది, డబ్బులు ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి. రాగి బాటిళ్ళ మీద చాలావాటికి బయట సన్నటి పారదర్శక పూత ఉంటుంది. చెక్కిన చోట ఆ పూత పోతుంది కాబట్టి ముందు అక్కడే నల్లబడుతుంది, రాగి బాటిల్ ఇచ్చేటప్పుడు ఈ విషయం వాళ్ళకి చెప్పి ఇవ్వడం మంచిది.

వెండి అయితే కంసాలి దగ్గరో, నగల షాపులోనో చేయించండి. బారసాలకి ఇచ్చే గ్లాసులు, అన్నప్రాశన గిన్నెలు పల్చగా ఉంటాయి, గట్టిగా నొక్కితే సొట్ట పడతాయి. వెండి బయట ఎక్కడైనా ఇస్తే ఇచ్చే ముందు, తీసుకునేటప్పుడు బరువు చూసుకోండి, హాల్‌మార్క్ ముద్ర ఉన్నచోట అక్షరాలు పడకుండా చెప్పండి. జర్మన్ సిల్వర్ అని ఇచ్చేదాంట్లో వెండి ఉండదు, అది రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. రిటర్న్ గిఫ్టులకి బాగానే ఉంటుంది. వెండి పూత వేసిన వస్తువుల మీద మాత్రం చెక్కించొద్దు, పూత తెగి కింది లోహం వేరే రంగులో కనిపిస్తుంది.

చెక్క, గాజు, రాయి, తోలు

చెక్కలో లేత రంగుది ఎంచుకోండి. రోజ్‌వుడ్ లాంటి ముదురు చెక్క మీద కాలిన అక్షరం కలిసిపోతుంది. టేకు బాగుంటుంది. చెక్కపొడి నొక్కి చేసే ఎండీఎఫ్ పలక చవక, ఫొటో ఫ్రేములకి సరిపోతుంది, నీళ్ళు తగిలే చోట అయితే ఉబ్బుతుంది.

అక్రిలిక్ షీల్డులు ఆర్డర్ చేసేటప్పుడు కాస్ట్ అక్రిలిక్, అంటే అచ్చులో పోసి చేసినది, కావాలని అడగండి. దాని మీద అక్షరాలు తెల్లగా, మంచు పట్టినట్టు వస్తాయి. ఎక్స్‌ట్రూడెడ్ రకం మీద పారదర్శకంగానే ఉండి సరిగ్గా కనపడవు. గాజు మీద లేజర్ చేసేది సన్నటి పగుళ్ళ పని, ఆ పగుళ్ళే తెల్లగా కనిపిస్తాయి. అంచు గరుకుగా రావచ్చు కాబట్టి తాగే గ్లాసుల్లో మూతి దగ్గర కాకుండా కింద రాయించండి, వేడి చేసి గట్టిపరిచిన టఫెన్డ్ గాజు జోలికి వెళ్ళకండి, పగిలిపోయే ప్రమాదం ఉంది.

రాయి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే మన దగ్గర గ్రానైట్‌కి కొదవలేదు, కానుకగా మాత్రం ఎవరూ ఆలోచించరు. కొత్తింటికి నల్ల గ్రానైట్ నేమ్‌ప్లేట్ చేయించి ఇస్తే అది ఆ ఇల్లున్నంత కాలం గుమ్మం పక్కనే ఉంటుంది. నలుపు మీద లేజర్ గీత తెల్లగా లేస్తుంది, ఇంకా నిలవాలంటే లోతుగా చెక్కించి తెల్లరంగో బంగారు రంగో నింపించండి. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా వెళ్తుంది, నిజంగా అందమైన రాయి, అయితే దాంట్లో మెరిసే చుక్కలు సన్నని అక్షరాలతోనూ, చెక్కిన ఫొటోతోనూ కలిసిపోయి చూపుకి అడ్డం వస్తాయి. పెద్ద అక్షరాలకి గెలాక్సీ, చిన్న అక్షరాలకీ ముఖాలకీ చుక్కల్లేని నలుపు. తెల్ల పాలరాయి మీద రంగు నింపకపోతే ఏమీ కనపడదు.

తోలు పర్సులు, డైరీలు ఇచ్చేటప్పుడు అది అసలు తోలా, పీయూ అనే కృత్రిమ తోలా, పీవీసీ ప్లాస్టిక్ పూసిన రెక్సినా అని కనుక్కోండి. మొదటి రెండూ లేజర్‌కి పర్వాలేదు. పీవీసీని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది, అది చేసే మనిషి ఊపిరితిత్తులకీ మంచిది కాదు, మిషన్‌కీ మంచిది కాదు. తెలిసిన షాపు ఎవరూ చెయ్యరు. "ఏదైనా చేసేస్తాం సార్" అన్నవాడి దగ్గర మిగతా పని కూడా అనుమానించాల్సిందే. రెక్సిన్ మీద పేరు కావాలంటే అచ్చు వేడి చేసి నొక్కే పద్ధతి ఉంది, అది చేయించండి.

తెలుగులో రాయిస్తే

రాయించండి. ఇంగ్లీషులో పేరున్న పెన్నులు అందరి దగ్గరా ఉన్నాయి. అమ్మకి, నాన్నకి, పల్లెలో ఉన్న మేనత్తకి ఇచ్చే వస్తువు మీద పేరు తెలుగులో ఉంటే వాళ్ళు దాన్ని వేలితో తడిమి చదువుకుంటారు. దానికోసం కొంచెం కష్టపడాలి, ఎందుకంటే మన అక్షరం కిందికీ పైకీ పెరుగుతుంది. ఇంగ్లీషు పేరు ఒకే వరసలో సరిపోయే చోట "లక్ష్మి" పట్టాలంటే వత్తులకి కింద చోటు కావాలి, గుడికి పైన చోటు కావాలి. పెన్ను మీద సన్నని పట్టీలో "జ్యోత్స్న" రాయమంటే అక్షరాలన్నీ కుంచించుకుపోయి ముద్దలా వస్తాయి. ఇంకో ఇబ్బంది, మన అక్షరాల్లో కొన్నిటికి తేడా ఒక్క చిన్న గీతలోనే ఉంది. ధ కింద ఉన్న గీత కనపడకపోతే సుధ కాస్తా సుద అయిపోతుంది. అందుకని పెన్ను, ఉంగరం, కీచైన్ లాంటి వాటి మీద రెండు మూడు అక్షరాల ముద్దుపేరో, పొడి అక్షరాలో పెట్టండి. పూర్తి పేరు, వాక్యం కావాలంటే పళ్ళెం, చెక్క ఫలకం, రాయి లాంటి వెడల్పాటి వస్తువుకి మారండి.

ఫాంటు గొడవ వేరే. మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లే, అంటే యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లే, వాడతారు. మీరు ఫోన్‌లో టైప్ చేసి పంపింది యూనికోడ్, అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ అన్నీ వాడే అక్షరాల పద్ధతి, దాన్ని అక్కడ పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, అందుకని ఆపరేటర్ మళ్ళీ టైప్ చేస్తాడు, తప్పులు అక్కడ దూరతాయి. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ పెడితే వత్తులు విడిపోయి అక్షరం పక్కకి వచ్చి కూర్చుంటాయి. దీనికి దారి ఏంటంటే, రామభద్ర, మండలి, సూరన్న, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిలో మీరే పేరు సరిగ్గా సెట్ చేసి పీడీఎఫ్‌గా పంపండి, షాపులో దాన్ని కర్వ్స్‌గా మార్చి వాడమనండి. కర్వ్స్ చేశాక అది ఇక అక్షరం కాదు, బొమ్మ, ఏ మిషన్‌లో తెరిచినా మారదు. చిన్న సైజుకి ఒకే మందం ఉన్న సాదా ఫాంటు, పెద్ద ఫలకానికి రామభద్ర లాంటి దిట్టమైనది. సామాన్ల కొట్లో చేత్తో రాసే మనిషికి ఈ ఫాంటు తిప్పలేవీ లేవు, మీరు కాగితం మీద స్పష్టంగా రాసిస్తే చాలు, కృష్ణ అన్నా జ్ఞానేశ్వరి అన్నా చూసి రాసేస్తాడు.

ఇంటివాళ్ళకి ఏం రాయించాలి

మన అలవాటు ఇచ్చేవాళ్ళ పేరు రాయించడం. పెళ్ళిలో చదివించే బిందె మీద ఫలానా వారు అని ఉంటుంది. అది మంచి ఆచారమే, ఎవరిచ్చారో తరతరాలకి తెలుస్తుంది. ఒక్కటే మనవి: తీసుకునేవాళ్ళ పేరు ముందు, పెద్దగా ఉండాలి, ఇచ్చేవాళ్ళ పేరు అడుగునో, వెనకో, చిన్నగా. తారీఖు తప్పకుండా పెట్టండి. బారసాల వెండి గ్లాసుకి మాత్రం తొందరపడొద్దు. పేరు, ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకా తేలకముందే చెక్కిస్తే మార్చడానికి ఉండదు, పుట్టిన తేదీ ఒక్కటీ చెక్కించినా అందంగానే ఉంటుంది. షష్టిపూర్తికైతే దంపతులిద్దరి పేర్లూ ఉండాలి, ఒక్క పెద్దాయన పేరే రాయించే అలవాటు ఇకనైనా మానుకుందాం.

పెద్దకర్మ రోజున వచ్చినవాళ్ళకి పోయినవారి జ్ఞాపకార్థం పేరుతో గ్లాసో గిన్నో పంచే ఇళ్ళున్నాయి. అక్కడ రోజూ వాడే వస్తువే ఇవ్వండి, పేరూ సంవత్సరాలూ చిన్న అక్షరాల్లో చాలు. ఫొటో ప్రింటు వేయించొద్దు. తోమే కొద్దీ ఆ ముఖం చెరిగిపోతుంటే చూడటం ఇంట్లోవాళ్ళకి కష్టంగా ఉంటుంది.

ఆఫీసు కానుకలు

ఇక్కడ అందరూ చేసే పని లోగోని వీలైనంత పెద్దగా వేయించడం. అలా చేస్తే అది కానుక కాదు, ప్రకటన. తీసుకున్న మనిషి దాన్ని బయటికి పట్టుకెళ్ళడు. మనిషి పేరు ముందు కనిపించాలి, లోగో అడుగునో మూత మీదో చిన్నగా ఉండాలి. వందమందికి వంద పేర్లు చెక్కించడం ఖరీదనిపిస్తే ఒకటి గుర్తుంచుకోండి: లేజర్‌కి ఫైలు మార్చడమే పని, పేర్ల జాబితా ఎక్సెల్‌లో పద్ధతిగా ఇస్తే చాలాచోట్ల కొద్ది తేడాతోనే చేస్తారు. ఆ జాబితాని హెచ్‌ఆర్ రికార్డు నుంచి నేరుగా తీయకండి. అక్కడ ఇంటిపేరు ముందుంటుంది, స్పెల్లింగు సర్టిఫికెట్‌లోది ఉంటుంది, ఆ మనిషిని ఆఫీసులో పిలిచే పేరు వేరే ఉంటుంది. ప్రతి ఒక్కరికీ వాళ్ళ పేరు ఎలా కావాలో ఒక మెసేజ్ పెట్టి అడగండి.

లోగోకి వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పనికిరాదు, ఎంత పెంచినా గీత చెదరని వెక్టర్ ఫైలు, అంటే సీడీఆర్, ఎస్వీజీ లేదా వెక్టర్ పీడీఎఫ్ కావాలి. రంగులు పోతాయి కాబట్టి ఒకే రంగులో లోగో ఎలా ఉంటుందో ముందే చూసుకోండి, షేడ్ల మీద ఆధారపడ్డ లోగోలు చెక్కితే గుర్తుపట్టలేనట్టు తయారవుతాయి.

రిటైరయ్యేవాళ్ళకి అక్రిలిక్ షీల్డు బదులు వాళ్ళు చేసిన పని రాసిన ఫలకం ఇవ్వండి. "సేవలకు గుర్తుగా" అన్న మాట ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ తగలదు. ఏ ఊళ్ళో ఏ బ్రాంచిలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏం పని చేశారో రెండు లైన్లు రాయండి. మనవలు చదివేది అదే.

పెద్ద క్లయింట్లకి, బయటి రాష్ట్రాల అతిథులకి అయితే మన చేతిపనులవైపు చూడండి. జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పని, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, ఏటికొప్పాక లక్క బొమ్మలు, మూడింటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. పెంబర్తిలో అయితే ఇత్తడి రేకు మీద కొట్టి తీసే పనే కాబట్టి పేరునీ అందులో భాగంగా చేయమని అడగొచ్చు, దానికి వారాల ముందు చెప్పాలి. ఫిలిగ్రీ అంతా సన్నటి వెండి తీగ, దాని మీద చెక్కడానికి చోటే ఉండదు, ఏటికొప్పాక లక్క పూత మీద చెక్కితే బొమ్మ పాడవుతుంది. ఈ రెండిటికీ పేరుని చెక్క పీఠం మీదో, పెట్టె మూత మీదో పెట్టించండి.

లెక్కల సంగతి కూడా ముందే చూసుకోవాలి. కానుకగా ఇచ్చేసిన వస్తువుల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేరు, 2017 సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం. కాబట్టి కొటేషన్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన మొత్తాన్నే పోల్చండి. డీలర్లకి ఖరీదైనవి ఇస్తుంటే టీడీఎస్ కూడా ఉండొచ్చు, ఆడిటర్‌ని అడిగాకే ఆర్డర్ పెట్టండి.

ఆర్డర్ పెట్టేటప్పుడు

ప్రూఫ్ స్క్రీన్ మీద చూసి సరే అనొద్దు. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, వస్తువు మీద చుట్టి చూడండి. బాటిల్ లాంటి గుండ్రటి వాటి మీద పొడుగు పేరు సగం వెనక్కి వెళ్ళిపోయి ముందు నుంచి చదవలేం, అది కాగితం చుట్టినప్పుడే తెలుస్తుంది. పేర్లని, తారీఖుల్ని ఇద్దరు విడివిడిగా చదవాలి, ఒకరు టైప్ చేసినవాళ్ళు కాకూడదు. పెద్ద ఆర్డరైతే అదే వస్తువు మీద ఒక శాంపిల్ చేయించి, దాన్ని ఇంట్లో రోజూ తోమి చూడండి, నాలుగు రోజుల్లో దాని సంగతి తెలుస్తుంది. పేరు చెక్కాక ఎవరూ వెనక్కి తీసుకోరు, కాబట్టి తప్పు షాపుదైతే మళ్ళీ ఉచితంగా చేసిస్తామని బిల్లు మీద రాయించుకోండి, కొన్ని వస్తువులు అదనంగా కొని పెట్టుకోండి. విదేశాలకి పంపాలంటే రాయి, గాజు వద్దు, పల్చటి ఇత్తడి ఫలకమో చెక్క ఫ్రేమో సూట్‌కేసులో బట్టల మధ్య పడుతుంది.

టైము లేక రేపే ఫంక్షన్ అయితే లేజర్ షాపుల చుట్టూ తిరగడం మానేసి సామాన్ల కొట్టుకి వెళ్ళండి. మంచి బరువున్న స్టీలు గిన్నో ఇత్తడి చెంబో తీసుకుని, పేరూ తారీఖూ కాగితం మీద పెద్దక్షరాల్లో రాసి ఇచ్చి, అక్కడే నిలబడి రాయించుకోండి, గంట లోపల అయిపోతుంది.